అలాస్కా అరణ్యములలో మూస్ వేట

వేట యనగానే మనకు మంచె, తుపాకి, గురి తప్పని వేటకాడు జ్ఞప్తికి వచ్చుట సహజము. మృగము నేల కూలగానే కథ ముగిసినదని తలంతుము. కాని భూగోళమునకు ఉత్తరపు కొసన, మనుష్యసంచారము లేని అరణ్యములలో జరుగు వేటలో గుండు పేలుట మిక్కిలి చిన్న భాగము. అసలు పని దాని తరువాత ఆరంభమగును. ఆ పనిని నడుపునవి నాలుగు: ఉష్ణము, బరువు, దూరము, కాలము. ఈ నాల్గింటి లెక్క తప్పినవాడు ముందు మాంసమును, ఒక్కొక్కప్పుడు ప్రాణమును గూడ పోగొట్టుకొనును. హైస్కూలులో మనము చదువుకొను భౌతికశాస్త్రము, జీవశాస్త్రము, లెక్కలు అచ్చట ఎట్లు అక్కరకు వచ్చునో చూతము.

దేశము, ప్రయాణము

అలాస్కా ఉత్తర అమెరికాఖండమునకు వాయవ్యమున ఉన్నది. అమెరికా సంయుక్త రాష్ట్రముల ప్రభుత్వము దీనిని 1867 లో రష్యానుండి 72 లక్షల డాలర్లకు కొనెను. 1959 లో ఇది ఆ దేశమునకు 49వ రాష్ట్రమైనది. దీని వైశాల్యము 17 లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్నది. ఆంధ్రప్రదేశమును, తెలంగాణమును కలిపి కొలిచినను అందులో ఆరవవంతు మాత్రమే యగును. ఇంత విశాలమైన భూమిలో 2020 జనాభా లెక్కల ప్రకారము నివసించువారు 7,33,391 మంది. మనదేశములోనైనచో ఒక నగరములో ఇమిడిపోవు జనము!

రాష్ట్రములో చాలభాగమునకు రోడ్డు లేదు. సెప్టెంబరు నెలలో వేటకు బయలుదేరు ఇద్దరు మనుష్యులను ఊహింపుడు. ఒక చిన్న విమానము వారిని గుడారము, తిండి, తుపాకులతో తీసికొనిపోయి ఏదో ఒక సరస్సుమీదనో, నది యొడ్డున గులకరాళ్ల మేటమీదనో దింపి వెడలిపోవును. పది దినముల తరువాత మరల వచ్చెదనని విమానచోదకుడు చెప్పును. మబ్బులు క్రమ్మినను, గాలివాన వచ్చినను ఆ పది దినములు పదునాలుగు కావచ్చును. అందుచేత తెలిసినవారు తిండిని అదనముగా కట్టుకొని పోవుదురు.

ఇచ్చట ఒక చట్టము కలదు. విమానములో వచ్చిన దినమున మూసును వేటాడరాదు. మరునాటి తెల్లవారుజామున 3 గంటల వరకు ఆగవలెను. పైనుండి మృగమును చూచి, ప్రక్కన దిగి కాల్చివేయుట వేట కాదని ఆ చట్టము భావము.

మూస్ యను మృగము

మన అడవులలోని దుప్పి, కణితి ఏ కుటుంబమునకు చెందినవో మూస్ కూడ ఆ కుటుంబమునకే చెందినది. ఆ కుటుంబములో ఇదియే పెద్దది. అలాస్కాలోని మగమూస్ భుజము వద్ద సుమారు ఆరడుగుల యెత్తుండును. దాని బరువు 540 మొదలు 725 కిలోగ్రాముల వరకు ఉండును. వేసవిలో ఆకులను, నీటిమొక్కలను తినును. శీతకాలమున మంచు కప్పినపుడు విల్లో, బర్చి చెట్ల సన్నని కొమ్మలను కొరికి, నెమరువేసి కాలము గడుపును. పొడవైన కాళ్లు లోతైన మంచులోను, బురదలోను నడచుటకు అనుకూలించును.

ఇంత పెద్ద శరీరము చలిదేశమున లాభకరము. 1847 లో కార్ల్ బెర్గ్మన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఒక సామాన్యసూత్రమును గమనించెను. ఒకే రకమునకు చెందిన ఉష్ణరక్త జంతువులలో చలిప్రదేశములందుండునవి సాధారణముగా పెద్దవిగా నుండును. శరీరము పెరిగినకొలది ఘనపరిమాణము ఉపరితలముకంటె వేగముగా పెరుగును. వేడి పుట్టునది లోపలి కండలలో. వేడి పోవునది చర్మముగుండ. కావున పెద్ద శరీరము వేడిని పదిలముగా దాచుకొనును.

మూస్ ఈ విద్యలో ఎంత ఆరితేరినదో 1986 లో ప్రకటితమైన ఒక పరిశోధన తెలుపుచున్నది. శీతకాలమున ఉష్ణోగ్రత సున్నకు దిగువ 5 డిగ్రీలను దాటి పైకి వచ్చినచో దానికి ఉక్కపోత మొదలగును. వేసవిలో 14 డిగ్రీలు దాటినచో దాని ఊపిరి వేగము హెచ్చును. మనము కంబళి కప్పుకొను వేళ అది నీడను వెదకుచుండును! ఈ గుణమే మృగము చనిపోయిన తరువాత వేటకానికి పెద్ద చిక్కు తెచ్చిపెట్టును. ఆ సంగతి ముందు చెప్పెదము.

కొమ్ము కాని కొమ్ము

తెలుగులో ఆవుకొమ్మును, దుప్పికొమ్మును ఒకే మాటతో పిలుతుము. శాస్త్రము ఈ రెంటిని వేరుచేయును. ఆవు, మేక, కృష్ణజింకల కొమ్ము లోపల ఎముక, పైన గోటివంటి పదార్థముతో తొడుగు. అది జీవితాంతము పెరుగును, రాలిపోదు. దుప్పి, కణితి, మూస్ కొమ్ము అట్లు కాదు. అది ఉత్త ఎముక. ఏటేట మొలచి, పెరిగి, రాలిపోవును. మూస్ జాతిలో మగవానికి మాత్రమే ఇది యుండును. వసంతమున మొలచిన కొమ్ము వేసవియంతయు మెత్తని నూగుచర్మము క్రింద రక్తనాళములతో పెరుగును. ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట ఆ చర్మము ఎండి చినిగిపోవును. మగమూస్ చెట్లకు రాచి దానిని వదలించుకొనును. ఆడువానికై పోరాటము సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట జరుగును. తరువాత శీతకాలమున కొమ్ములు రాలిపోవును.

మన వేటకాండ్రు సెప్టెంబరులో వెళ్లుటకు కారణము ఇదియే. ఆ ఋతువులో మగమూస్ ఆడుమూస్ కూతకు బదులు పలుకును. అలాస్కాలోని ఆథబాస్కన్ జాతుల వేటకాండ్రు ఎండిన మూస్ భుజపుటెముకను పొదలకు రాయుదురు. ఆ చప్పుడు మరియొక మగమూస్ కొమ్ములు రాచుకొనుచున్నట్లు వినబడగా, పోరాటమునకు నిజమైన మగమూస్ వచ్చును.

వచ్చిన ప్రతి మూసును కాల్చుటకు వీలులేదు. రాష్ట్రములోని చాల ప్రాంతములలో కొమ్ముల వెడల్పు 50 అంగుళములకు తగ్గని మూసును, లేదా కొమ్ము ఇంకను ఒక్క మొనగానో, రెండు మొనలుగానో ఉన్న పసిమూసును మాత్రమే కొట్టవచ్చును. నడిమి వయసువానికి రక్షణ. ఈ నియమమును మొదట 1987 లో కీనై ద్వీపకల్పమున అమలుపరచిరి. ముదురు కొమ్ము వెడల్పు చాలనిదైనను, నొసటివైపు మొనలు తగినన్ని ఉన్నచో అదియు చెల్లును. ఆ సంఖ్య ఆయా ప్రాంతములనుబట్టి మూడో, నాలుగో ఉండును.

నూరు గజముల దూరమున నిలుచున్న మృగము కొమ్ముల వెడల్పును టేపు లేకుండ కొలుచుట యెట్లు? నిష్పత్తి తెలిసినవానికి ఇది కష్టము కాదు. పెరిగిన మగమూస్ రెండు కన్నుల నడుమ దూరము సుమారు 10 అంగుళములు. దుర్భిణిలో చూచుచు ఆ దూరము కొమ్ముల వెడల్పులో ఎన్నిసార్లు ఇమిడినదో లెక్కించిన చాలును. ఐదుసార్లు ఇమిడినచో 50 అంగుళములు. సందేహమున్నచో తుపాకి దించవలెను. తప్పు కొలత చట్టవిరుద్ధము. పోయిన ప్రాణము మరల రాదు.

వేడితో పోరాటము

గుండు తగిలి మృగము కూలినది. ఇప్పుడు మన వేటకాండ్రకు కాలముతో పందెము ఆరంభమైనది. మూస్ శరీరపు ఉష్ణోగ్రత సుమారు 38 డిగ్రీలు. బయట గాలి 8 డిగ్రీలు మాత్రమే యుండవచ్చును. అంత చలిలో మాంసము చెడునా యని మనకు తోచును. చెడును. చలిని ఆపుటకై ప్రకృతి కట్టిన దళసరి చర్మము, బొచ్చు చనిపోయిన తరువాత కూడ తన పనిని మానవు. లోపలి వేడి బయటికి పోదు. కడుపులోని సూక్ష్మజీవులకు ఆ వెచ్చదనము మిక్కిలి ప్రీతి. తుంటి యెముకను చుట్టియున్న దళసరి కండలలో వేడి చాలసేపు నిలిచి, పైకి మాంసము బాగుగా కనిపించుచుండగనే లోపల ఎముక ప్రక్కన కుళ్లు ప్రారంభమగును.

ఇప్పుడు ఒక లెక్క వేయుదము. ఒక మీటరు భుజముగల ఘనమును తీసికొనుడు. దాని ఘనపరిమాణము 1 ఘనమీటరు. ఉపరితలము 6 చదరపు మీటర్లు. దానిని అడ్డముగ, నిలువుగ, లోతుగ సగము చేసి ఎనిమిది ముక్కలు చేయుడు. ఘనపరిమాణము మారలేదు. కాని ఉపరితలము 12 చదరపు మీటర్లైనది. వేడి పోవుటకు ద్వారములు రెట్టింపైనవి. పైగా మధ్యనుండి అంచునకు దూరము సగమైనది. ఘనపదార్థములో వేడి ప్రయాణించు కాలము దూరపు వర్గమును అనుసరించును గనుక, సగము దళసరి ముక్క సుమారు నాల్గవవంతు కాలములో చల్లారును.

కావుననే వేటకాండ్రు వెంటనే చర్మము ఒలిచి, ప్రేవులు తీసివేసి, తొడలను, జబ్బలను వేరుచేయుదురు. ముక్కలను పలుచని నూలుగుడ్డ సంచులలో వేసి, నీడలో, గాలి ఆడుచోట వ్రేలాడదీయుదురు. గుడ్డ ఈగలను రానీయదు, గాలిని రానిచ్చును. గాలికి మాంసపు పైపొర ఎండి గట్టి పెచ్చు కట్టును. తేమ లేనిచోట సూక్ష్మజీవులు పెరుగవు. ప్లాస్టిక్ సంచిలో వేసినచో వేడియు తేమయు లోపలనే నిలిచి మాంసము పాడగును.

ఈ పనియంతయు ఇద్దరకు చాల గంటలు పట్టును. నెత్తుటివాసనకు ఎలుగుబంటి వచ్చుట సామాన్యము. అందువలన మాంసమును ప్రేవులకు దూరముగ, దూరమునుండియే కనబడునట్లు ఉంచి, మరల అచ్చటికి పోవునపుడు పెద్దగా మాటలాడుచు పోవుదురు.

మోతబరువు లెక్క

పెద్ద మగమూస్ నుండి తినదగిన మాంసము సుమారు 225 కిలోగ్రాములు వచ్చును. మెడ, ప్రక్కటెముకలు, వెన్ను, నాలుగు కాళ్లనుండి వచ్చు తినదగిన మాంసమంతయు తీసికొనిపోవలెనని అలాస్కా చట్టము శాసించుచున్నది. మాంసమును వదలి కొమ్ములను మాత్రము తెచ్చుట నేరము. కొమ్ములు మాంసమునకు ముందు చేరరాదు. మాంసపు చివరి మోతతోనే రావలెను. చట్టము తన అభిప్రాయమును ఇంతకంటె స్పష్టముగ చెప్పజాలదు.

ఒక మనిషి ఒక తడవకు 32 కిలోగ్రాములు మోయుననుకొందము. మాంసమునకు 7 మోతలు, కొమ్ములకును కపాలమునకును ఒకటి, మొత్తము 8. ఇద్దరు పంచుకొన్నచో ఒక్కొక్కరికి 4 మోతలు. మృగము పడినచోటు గుడారమునకు 3 కిలోమీటర్ల దూరమున ఉన్నచో నాలుగుమార్లు బరువుతో రావలెను, మూడుమార్లు వట్టిచేతులతో పోవలెను. అనగా ఒక్కొక్కడు 21 కిలోమీటర్లు నడువవలెను.

ఆ నేల మన పొలముగట్టు వంటిది కాదు. చాలచోట్ల అడుగున శాశ్వతముగా గడ్డకట్టిన మన్ను ఉండుటచే వాననీరు క్రిందికి ఇంకదు. పైన బురదయు, మోకాలియెత్తు గడ్డిదుబ్బులును ఉండును. దుబ్బుమీద కాలు పెట్టినచో జారును. నడుమ పెట్టినచో దిగబడును. అనుభవజ్ఞులు గురిచూచుటకు ముందే ఈ లెక్క వేయుదురు. మృగము ఎంత గొప్పదైనను, మోసికొని రాలేని దూరమున ఉన్నచో దానిని చూచి ఆనందించి వదలివేయుదురు.

తడి యను శత్రువు

ఈ అరణ్యములలో మనుష్యులను చంపునది గడ్డకట్టు చలియే యని భావింపరాదు. 5, 10 డిగ్రీలలో వానకు తడిసి, గాలికి నిలిచినవాడు కూడ చనిపోవచ్చును. మన శరీరపు లోపలి ఉష్ణోగ్రత 37 డిగ్రీలు. అది 35 డిగ్రీలకు దిగువకు పడినచో అపాయము. మొదట వణకు పుట్టును. వ్రేళ్లు పట్టు తప్పును. తరువాత బుద్ధి మందగించును. అగ్గిపుల్ల గీయవలెనను తలపు వచ్చినను గీయలేడు. కొంతసేపటికి ఆ తలపే రాదు.

దీనికి కారణము రెండు విధములు. నీరు నిశ్చలమైన గాలికంటె సుమారు 24 రెట్లు సులభముగ వేడిని ప్రసరింపజేయును. అదిగాక, చర్మముమీద ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 580 కెలోరీల వేడి కావలెను. చొక్కా 250 గ్రాముల నీరు పీల్చి, అది ఒంటిమీదనే ఆరినచో 1,45,000 కెలోరీలు వ్యయమగును. ఆ వేడిలో చాలభాగము శరీరమే ఇచ్చుకొనవలెను.

మన ఎండలలో నూలుబట్ట మనలను కాపాడుటకు కారణము ఈ చల్లదనమే. ఇచ్చట హితమైనది అచ్చట శత్రువైనది! తడిసిన నూలు ఒంటికి అంటుకొని, దారములనడుమ గాలిని వెడలగొట్టును. ఉన్ని తడిసినను దాని వంకరపోగులు పూర్తిగా అణగక కొంతగాలిని పట్టియుంచును. అందుచే అచ్చటి వేటకాండ్రు మాంసమునకు నూలుసంచిని, తమ ఒంటికి ఉన్నిని వాడుదురు.

మాంసముండియు ఆకలి

విమానము రాలేదు. తెచ్చిన తిండి అయిపోయినది. ప్రక్కన 225 కిలోగ్రాముల మాంసమున్నది గదా, భయమేమి? ఇచ్చట విల్‌హ్యాల్ముర్ స్టెఫాన్సన్ అను ఉత్తరధ్రువ యాత్రికుని అనుభవము తెలిసికొనదగినది. ఇతడు 1879 లో జన్మించి 1962 లో మరణించెను. 1928 లో న్యూయార్కులోని బెల్వ్యూ ఆసుపత్రిలో వైద్యుల పర్యవేక్షణలో మాంసాహారము మాత్రమే తిని చూపెను. మొదట క్రొవ్వు లేని మాంసమును మాత్రమే ఇచ్చిరి. కొద్ది దినములలోనే అతనికి వాంతిభావము, విరేచనములు, నీరసము కలిగెను. క్రొవ్వు కలుపగానే కోలుకొనెను.

మాంసకృత్తులను శక్తిగా వాడుకొనునపుడు మిగిలిన నత్రజనిని కాలేయము యూరియాగా మార్చి బయటికి పంపవలెను. కాలేయము ఆ పనిని ఒక హద్దువరకే చేయగలదు. శక్తి క్రొవ్వునుండియో, పిండిపదార్థములనుండియో రానిచో కడుపునిండ తిన్నను ఆకలి తీరదు. పోరాటపు ఋతువులో మగమూస్ తిండి దాదాపు మానివేసి క్రొవ్వును కరగించుకొనును. కావున తెలిసినవారు వెన్నను, నూనెగింజలను, బియ్యమును అదనముగా ఉంచుకొందురు.

లెక్కించువారు, నిర్ణయించువారు

అలాస్కాలో సుమారు 1,75,000 నుండి 2,00,000 మూసులు ఉన్నవని అంచనా. ఏట 6,000 మొదలు 8,000 వరకు వేటలో పడుచున్నవి. అరణ్యములోని మృగములను ఎవరు లెక్కించిరి?

శీతకాలపు ఆరంభమున మంచు నేలను కప్పగా నల్లని మూస్ తెల్లనినేలపై కనబడును. అప్పుడు చిన్న విమానములలో తిరిగి లెక్కింతురు. విలియం గాసవే, అతని సహచరులు 1986 లో ప్రకటించిన పద్ధతిని ఒక ఊహాజనితమైన ఉదాహరణతో చూపెదము. ఒక ప్రాంతమును 100 గళ్లుగా విభజించిరి. పైనుండి ఒకమారు చూచి, 40 గళ్లలో మూసులు దట్టముగను, 60 గళ్లలో పలుచగను ఉన్నవని గుర్తించిరి. దట్టమైనవానిలో 10 గళ్లు వెదకగా 150 కనబడెను. గడికి 15 చొప్పున 40 గళ్లకు 600. పలుచనివానిలో 10 గళ్లు వెదకగా 20 కనబడెను. గడికి 2 చొప్పున 60 గళ్లకు 120. మొత్తము 720. చెట్లచాటున తప్పిపోయినవి కూడ ఉండును. అందుచే కొన్నిచోట్ల మరింత నిదానముగా వెదకి, మొదట 4 కనబడినచోట నిజముగా 5 ఉన్నవని తెలిసికొనిరి. 720 ని 5 చే హెచ్చించి 4 చే భాగింపగా 900 వచ్చును.

ఒక మగమూస్ చాల ఆడుమూసులతో జతకట్టగలదు. కావున మగవానిలో కొన్నింటిని తీసినను దూడలసంఖ్య తగ్గదు. కాని హద్దు దాటరాదు. చాలప్రాంతములలో 100 ఆడుమూసులకు 20 నుండి 30 మగమూసులు మిగులునట్లు వేటను సరిచూతురు. మేతయు ముఖ్యమే. 1947 లో కీనై ద్వీపకల్పమున కారుచిచ్చు సుమారు 3,10,000 ఎకరముల అడవిని కాల్చివేసెను. కాలిన నేలలో విల్లో, బర్చి మొలకలు దట్టముగా లేచెను. ఆ మేతచే తరువాతి సంవత్సరములలో మూసులు బాగుగా పెరిగెను. అడవి మరల ముదిరి కొమ్మలు అందరాని యెత్తుకు పోగా మూసులును తగ్గెను.

ఈ జాగ్రత్త యంతయు ఒక చేదు అనుభవముచే వచ్చినది. పందొమ్మిదవ శతాబ్దమున అమెరికా మైదానములలో కోట్లకొలది యున్న బైసన్ అను అడవియెద్దులను, 1880 దశాబ్ది ముగియునాటికి కొన్ని వందలకు తగ్గించిరి. ఒకప్పుడు ఆకాశమును కప్పిన ప్యాసింజర్ పావురముల జాతిలో చివరిది 1914 లో సిన్సినాటి జంతుశాలలో మరణించెను. 1937 లో అమెరికాలో ఒక చట్టము చేసి, వేటతుపాకులమీదను మందుగుండుమీదను వచ్చు పన్నును వన్యమృగ సంరక్షణకు వినియోగించిరి.

ఐనను వివాదములు సమసిపోలేదు. మూసులు తగ్గినచోట తోడేళ్లను చంపవచ్చునా యను ప్రశ్నపై అలాస్కా ప్రజలు నేటికిని రెండు పక్షములుగా ఉన్నారు. అచ్చటి ఆదిమజాతులకు మూస్ మాంసము ఆహారము మాత్రమే కాదు. మృతుల గౌరవార్థము పెట్టు విందులో అది ఉండితీరవలెనని ఆథబాస్కనుల ఆచారము. అట్టి విందుకై ఋతువు కాని ఋతువున మూసును కొట్టిన కేసులో, అది మతస్వాతంత్ర్యముచే రక్షింపబడిన పనియే యని 1979 లో అలాస్కా సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను.

మనదేశము వేరొక మార్గమును ఎన్నుకొన్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము మన అడవులలోని దుప్పిని, కణితిని వేటాడుటను నేడు నిషేధించుచున్నది. మిక్కుటమైన జనమును, కుంచించుకొనిపోవు అడవులును గల మనకు అది తగిన మార్గము. రెండు మార్గములకును మూలమైన ప్రశ్న ఒక్కటే: అడవిలో ఇంక ఎన్ని మిగిలినవి? దానికి జవాబు లెక్కపెట్టిననే తెలియును.

తరగతిలో చేయదగిన పరీక్షలు

ఉపాధ్యాయులు ఈ రెండు పరీక్షలను సులభముగ చేయింపవచ్చును. ఒకే పరిమాణముగల రెండు బంగాళాదుంపలను ఉడికించి, ఒకదానిని అట్లే యుంచి, రెండవదానిని నాలుగు ముక్కలు చేయవలెను. పదునైదు నిమిషముల తరువాత రెంటి నడుమ ఉష్ణమాపకమును గ్రుచ్చి చూడవలెను. రెండవ పరీక్షకు ఒకే తీరుగల మూడు సీసాలలో సమానమైన వేడినీరు పోయవలెను. ఒకదానికి పొడి నూలుగుడ్డను, ఒకదానికి తడి నూలుగుడ్డను, ఒకదానికి తడి ఉన్నిగుడ్డను చుట్టి పంకా గాలికి ఉంచి, ఐదేసి నిమిషములకు ఉష్ణోగ్రతలను వ్రాసి గ్రాఫు గీయవలెను. ఏ సీసా ముందుగా చల్లారునో విద్యార్థులు ముందుగనే ఊహించి వ్రాసియుంచవలెను. ఊహకును ఫలితమునకును తేడా వచ్చినచో తరగతిలో చర్చ అచ్చటినుండియే మొదలుపెట్టవచ్చును.